ఒకే వీరుడి మీద రెండు సినిమాలు: పోల్చబోయి నేను నేర్చుకున్నది

2002 జూన్ 7న, ఒకే రోజు, భగత్ సింగ్ మీద రెండు హిందీ సినిమాలు విడుదలయ్యాయి. రాజ్‌కుమార్ సంతోషి తీసిన 'ది లెజెండ్ ఆఫ్ భగత్ సింగ్'లో అజయ్ దేవగణ్, గుడ్డు ధనోవా తీసిన '23 మార్చ్ 1931: షహీద్'లో బాబీ డియోల్. అంతకు వారం ముందే సోనూ సూద్‌తో ఇంకొకటి వచ్చింది. ఒకే రోజు వచ్చిన ఆ రెండూ నేను చాలా ఏళ్ల తర్వాత, వెంటవెంటనే చూశాను. ఏది గొప్పదో తేల్చుకోవాలన్నది నా పట్టుదల.

ముందు సంతోషి సినిమా చూశాను. మర్నాడు రెండోది పెట్టుకున్నాను. అరగంట గడిచేసరికి నాకు తెలిసొచ్చింది, నేను సినిమా చూడటం లేదు, తప్పులు లెక్కపెడుతున్నాను. 'నిన్నటి దాంట్లో ఇది ఇలా లేదే' అన్న మాటే బుర్రలో తిరుగుతోంది. మొదట చూసింది అసలు, తర్వాత చూసింది నకలు అయిపోయింది. పాపం ఆ రెండో సినిమా చేసిన నేరం, నా వరసలో వెనక నిలబడటమే.

అందుకని రెండూ పక్కన పెట్టేసి చదవడం మొదలుపెట్టాను. 1930 అక్టోబరులో జైల్లో భగత్ సింగ్ రాసిన 'నేను నాస్తికుణ్ణి ఎందుకయ్యాను' మళ్లీ చదివాను. తేదీలు ఒక కాగితం మీద రాసుకున్నాను: 1928 డిసెంబరు 17న బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్ హత్య, 1929 ఏప్రిల్ 8న అసెంబ్లీలో బాంబులు, ఆ సెప్టెంబరు 13న, జైల్లో నిరాహార దీక్ష 63వ రోజున సహచరుడు జతిన్ దాస్ మరణం. 1931 మార్చి 24 ఉదయానికి ఖరారైన ఉరి 23 సాయంత్రానికే జరిపించారన్నది ఎన్నిసార్లు చదివినా గుండె పట్టేస్తుంది.

నెల తర్వాత వరస తిప్పి చూశాను. ముందు బాబీ డియోల్ సినిమా, మధ్యలో కొన్ని రోజుల విరామం, తర్వాత సంతోషిది. ఈసారి అడిగిన ప్రశ్న ఒకటే: ఈ దర్శకుడు తెర మీద ఎక్కువసేపు ఎవరికిచ్చాడు?

అక్కడే నా పాత తీర్పు కదిలింది. ధనోవా సినిమాలో చంద్రశేఖర్ ఆజాద్‌గా సన్నీ డియోల్‌కి చాలా చోటుంది. మొదటిసారి, బాబీకి అన్న, పైగా స్టారు కాబట్టే అనుకుని కొట్టిపారేశాను. కాగితం ముందు పెట్టుకుంటే వేరేలా తోచింది. స్నేహితులు జైలు లోపల, ఆజాద్ ఒక్కడూ బయట. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు పార్కులో ఆజాద్ నేలకొరిగిన 24 రోజులకే భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్ ముగ్గురికీ ఉరి. చెప్పదగ్గ కథే అది.

అయినా నా మనసు సంతోషి సినిమా వైపే మొగ్గింది. దీక్ష ఘట్టాల్లో ఆకలి నెమ్మదిగా మనిషిని తినేయడం అందులో కనబడుతుంది. అజయ్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు రావడం న్యాయమే అనిపించింది. కానీ పుస్తకాల పురుగైన భగత్ సింగ్ మాత్రం నాకు కావలసినంత ఏ సినిమాలోనూ దొరకలేదు.

ఇక మనోజ్ కుమార్ నటించిన 1965 నాటి 'షహీద్' మిగిలింది. అసెంబ్లీలో భగత్ సింగ్ పక్కన నిలబడి బాంబు విసిరిన బటుకేశ్వర దత్ పేరు ఆ సినిమా కథకుల్లో ఉంది. దాన్ని మాత్రం పక్కన మరేదీ పెట్టుకోకుండా చూస్తాను.