నాన్న వీలునామాలో నాకేమీ రాయలేదు

"రిజిస్టరు వీలునామా అమ్మా, ఇంక నీకేం ఉండదు." నాన్న పెద్దకర్మ అయిన కొద్దిరోజులకే బంధువులంతా తేల్చేశారు. తెనాలి దగ్గర మూడెకరాల మాగాణి, టీచరు జీతంలో కూడబెట్టి కట్టిన డాబా, రెండూ తమ్ముడికే. నాకు కట్నకానుకలు ఇచ్చేశారు కాబట్టి ఇంకేమీ ఇవ్వక్కర్లేదని అందులో ఒక ముక్క రాసుంది. ఆస్తి కంటే నన్ను బాధపెట్టింది ఆ ముక్కే. అమ్మ ఉంటే ఏమనేదో.

ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి వీలునామా నకలు తీసుకున్నాను. రాసిన మనిషి బతికుండగా ఇంకొకరికి ఇవ్వరు గానీ, పోయాక మరణ ధ్రువపత్రం చూపించి తీసుకోవచ్చు. దాంతోపాటు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), పాత అడంగళ్ళు (పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డులు), నాన్నా బాబాయిలూ పంచుకున్ననాటి దస్తావేజు పట్టుకుని గుంటూరులో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం.

సంతకం ఫోర్జరీ అందామని మావారి పట్టు. "మీ నాన్న సంతకమేనని నీకు తెలుసు కదమ్మా" అన్నారావిడ నావైపు చూసి. వీలునామా రిజిస్టరైనా సరే, సాక్షుల్లో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. అనుమానాలుంటే తీర్చాల్సిన బాధ్యత దాన్ని చూపించేవాళ్ళదేనని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. మా విషయంలో సాక్షులిద్దరూ ఉన్నారు, నాన్న తన కాళ్ళమీద నడిచివెళ్ళి రాశారు. కూతురికి ఇవ్వలేదన్న ఒక్క కారణంతో వీలునామా చెల్లకుండా పోదు. "డాబా ఆయన స్వార్జితం, దాని మీద ఆశ వదులుకో. పొలం సంగతి వేరు" అన్నారు.

పొలం తాతల నాటిది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమమేదీ లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. అంటే నాన్న, తమ్ముడు, నేను తలా ఒక ఎకరం. నాన్న వీలునామాలో రాయగలిగింది తన ఎకరమే. నా ఎకరం ఆయన రాయడానికి ఆయనది కాదు! ఇది విన్నాక వీలునామాతో నాకు గొడవే లేదనిపించింది.

పంపకాల దావా వేశాం. దావా నడుస్తుండగా తమ్ముడు పొలం అమ్మినా కొన్నవాళ్ళు తీర్పుకి కట్టుబడాల్సిందేనన్నారు, సగం టెన్షన్ అక్కడే తగ్గింది. 2003లోనే తనకీ నాన్నకీ నోటిమాట మీద పంపకం అయిపోయిందని తమ్ముడు జవాబు దాఖలు చేశాడు. అలాంటి నోటి పంపకాన్ని గట్టి ప్రభుత్వ రికార్డులుంటే తప్ప ఒప్పుకోకూడదని అదే 2020 తీర్పులో ఉంది. మా అడంగళ్ళలో చివరిదాకా మూడెకరాలూ నాన్న పేరే. సొసైటీలో పంట రుణం కూడా ఆయన పేరు మీదే.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో మా లాయరమ్మ ఆ కాగితాలు చూపించి అడిగితే వాడు తల దించుకున్నాడు. నాకేం సంతోషం కలగలేదు. వాయిదాలకి తిరగడం కంటే ఒకే వరండాలో చెరో బెంచీ మీద కూర్చోవడం కష్టం.

చివరికి లోక్ అదాలత్‌లో, అంటే కేసుల్ని రాజీతో తేల్చే వేదికలో, రాజీ పడ్డాం. డాబా, రెండెకరాలు వాడికి, కాలవ వైపు ఎకరం నాకు. దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. సర్వే చేయించి హద్దురాళ్ళు వేయించుకోవడం, పాసుపుస్తకం తెచ్చుకోవడం నా వంతు. ఎకరం కౌలుకి ముందు తమ్ముణ్ణే అడిగించాను. వద్దన్నాడు. పక్క చేను రైతుకి ఇచ్చాను.