తాతగారి కొబ్బరితోటలో అమ్మ వాటా: తేదీలు చూశాకే లెక్క తేలింది

కోనసీమలో అమ్మ పుట్టింటి ఆస్తి రెండు ముక్కలు. ఒకటి ముత్తాతల నాటి 90 సెంట్ల కొబ్బరితోట, రెండోది తాతగారు సొంత డబ్బుతో కొన్న వరిచేను. వారసులు ముగ్గురు: మావయ్యలిద్దరూ, అమ్మా. అమ్మ పెళ్ళి 1979లో. తాతగారు పోయింది 2001లో, అమ్మమ్మ అంతకుముందే. వీలునామా లేదు. చట్టానికి కావలసింది ఇంతే. పసుపుకుంకుమల కింద ఏం పెట్టారన్నది దానికి పట్టదు.

వరిచేను తేలిగ్గా తేలింది. స్వార్జితం కనక 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం పిల్లలందరికీ సమానమే, పెళ్ళి ఎప్పుడైనా సరే.

చిక్కంతా పిత్రార్జితమైన తోట దగ్గరే. ఆ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ కొడుకులాగే పుట్టుకతో హక్కు ఇచ్చింది గానీ, అప్పటికే పెళ్ళయినవాళ్ళని తప్పించింది. ఊళ్ళో పెద్దమనుషులు ఇప్పటికీ అక్కడే ఆగిపోతారు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణలో ఆ పెళ్ళి అడ్డు లేదు. ఆ రోజుకి తండ్రి బతికుండాలని 2015లో సుప్రీంకోర్టు అంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి అది అక్కర్లేదంది.

తేడా సెంట్లలో చూడండి. పాత లెక్కన తాతగారికీ కొడుకులకీ తలా 30. తాతగారి 30 ముగ్గురికీ పంచితే అమ్మకి దక్కేది 10. కొత్త లెక్కన ముగ్గురు పిల్లలకీ సమానం, అంటే అమ్మకి 30.

మావయ్యలు 1998 నాటి పంపకాల కాగితం తీశారు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాన్ని కదపకూడదన్నది నిజమే. అయితే అదే చట్టం 6వ సెక్షన్ చివర్లో ఒక వివరణ ఉంది, చాలామంది అంతదాకా చదవరు: పంపకమంటే రిజిస్టరైన దస్తావేజు, లేదా కోర్టు డిక్రీ. మావయ్యల కాగితానికి రిజిస్ట్రేషన్ లేదు. నోటి పంపకాన్ని కోర్టు ఒప్పుకోవడం బహు అరుదు, అదీ ప్రభుత్వ రికార్డుల దన్ను ఉంటేనే. అందుకే ముందు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), అడంగల్ (ఊరి భూమి, సాగు రికార్డు), 1బి (భూమి హక్కుల రికార్డు) తీయించాలి. మా అడంగల్‌లో తోటంతా ఇంకా తాతగారి పేరునే ఉంది. దాంతో ఆ వాదన ఆగిపోయింది.

అమ్మ హక్కు వదులుకుంటూ రిజిస్టరు దస్తావేజు రాసి ఉంటే కథ వేరు. తెల్లకాగితం మీద సంతకం అందుకు చాలదు.

చివరికి రాజీగా పంపకాల దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించాం. మొదటి చిత్తులో హద్దులన్నీ సరిగ్గానే ఉన్నాయి, దారి మాత్రం లేదు. అమ్మ ముక్క వెనక బోదె వైపుంది, ముందు రెండు వాటాలూ దాటాలి. కాయ దింపాక బండి బయటికి రావడానికి ఎన్ని అడుగుల దారో, ఎవరి వాటాలోంచో షెడ్యూల్లోనే రాయించాం.