తీసింది తక్కువ, తెచ్చింది ఎక్కువ

మా బడిలో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, సాంఘిక శాస్త్రం మాస్టారు ఒక మధ్యాహ్నం జేబులోంచి జానెడు ఫిల్ము ముక్క తీసి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. కోడంబాక్కంలో ఏదో ఎడిటింగ్ గదిలో ఊడ్చిపారేసిన ముక్క అది. అందులో 12 బొమ్మలున్నాయని మాచేత లెక్కపెట్టించి, తెరమీద నిమిషానికి ఇలాంటిది 90 అడుగులు పరుగెత్తుతుందని చెప్పి, అటువంటి ఫిల్మును 50,000 అడుగులు పోగుచేసిన తమిళనాడులోని కోట్టైయూరు వాసి ఎ.కె. చెట్టియార్ గురించి మొదలుపెట్టారు. "ఆయన తీసిన సినిమా ఏది సార్?" అని అడిగాను. "తీసింది తక్కువరా, తెచ్చింది ఎక్కువ" అన్నారు.

1911లో పుట్టి, టోక్యోలోనూ న్యూయార్కులోనూ ఫోటోగ్రఫీ చదివిన చెట్టియార్‌కు, 1937లో న్యూయార్కు నుంచి డబ్లిన్ వెళ్తున్న ఓడలో, గాంధీజీ జీవితం మీద డాక్యుమెంటరీ నిర్మించాలన్న ఆలోచన కలిగింది. దండి యాత్ర ముగిసి అప్పటికి ఏడేళ్లు. దక్షిణాఫ్రికా రోజులు అంతకన్నా ఎంతో వెనకటివి. జరిగిపోయినదానికి కెమెరా పెట్టలేం గనుక, ఎవరెవరో ఎప్పుడో తీసి దాచుకున్న ముక్కలను వెతుక్కుంటూ ఆయన ఖండాలు తిరిగారు. తొమ్మిది గంటలకు పైబడిన ఆ సరుకును 12,000 అడుగులకు కుదించారు. చిత్రం 1940లో తమిళంలో విడుదలైంది, తెలుగులోకీ వచ్చింది. తరువాత 'కుమరి మలర్' పత్రికను నడుపుతూ పాత యాత్రా రచనలను ఏరి అచ్చువేశారు. నా దృష్టిలో అదీ ఆ పనికి కొనసాగింపే.

చెన్నైలో డాక్యుమెంటరీల ఎడిటరుగా చేరిన తొలి ఏడాది, చేత్తో తిప్పే కెమెరాతో తీసిన పాత ఊరేగింపు దృశ్యం ఒకటి నా చేతికొచ్చింది. సెకనుకు పదహారు, పద్దెనిమిది బొమ్మల చొప్పున తీసినదాన్ని వేగం సరిచేయకుండా 24 చొప్పున వదిలేశాను. తెరమీద పెద్దమనుషులందరూ బస్సు తప్పిపోతున్నట్టు ఉరికారు. తెచ్చినదాన్ని నిలబెట్టడం ఎంత పనో ఆ నవ్వుల మధ్య అర్థమైంది.

చెట్టియార్ తీసిన గాంధీ చిత్రానికి 1953లో అమెరికాలో ఇంగ్లీషులో కూర్చిన రూపం ఉంది గానీ, తెలుగు ప్రతి నాకెక్కడా చిక్కలేదు. చివరిసారి కలిసినప్పుడు మాస్టారు అడిగారు: "ఫిల్ము డబ్బాలు తెరిపించి చూశావా, జాబితా చూసి వచ్చేశావా?"

నేను జాబితా మాత్రమే చూశాను.