మొద్దు తేలింది, రాయి మునిగింది

బయల్దేరే ముందు రాత్రి ఒక కాగితం మీద రాసుకున్నాను: పెద్ద–చిన్న, బరువు–తేలిక, మునగడం–తేలడం, రంగులు, ఆకారాలు, పది దాకా అంకెలు. పిల్లలు ముగ్గురు. మా అమ్మాయికి ఐదేళ్ళు, అన్నయ్య కొడుక్కి ఆరు, చెల్లెలి కొడుక్కి ఈమధ్యే నాలుగు నిండాయి. ఇంట్లో ఫ్లాష్ కార్డులతో కుస్తీ పట్టీ పట్టీ నాకే విసుగొచ్చింది. అడవిలో వాగు దగ్గర అన్నీ కళ్ళముందే ఉంటాయి, ఒక్కరోజులో చూపించేద్దాం అనుకున్నాను. చెల్లి ఆ కాగితం చూసి, "ఇది పిక్నిక్కా, పరీక్షా?" అంది.

తెల్లవారకముందే కారెక్కాం. దారిలో ఖాళీగా ఎందుకని పాఠం కారులోనే మొదలుపెట్టాను. "బరువైనవి నీళ్ళలో మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి" అని ముగ్గురిచేతా అనిపించాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నా ప్రాణం తీసింది.

రెండు గంటల తర్వాత తారురోడ్డు అయిపోయింది. అక్కడినుంచి అరగంట నడక. అరగంట అనేది పెద్దవాళ్ళ లెక్క. నాలుగేళ్ళవాడు పక్కనుంటే అది గంట దాటుతుంది, ఎందుకంటే వాడు ప్రతి చీమలబారు దగ్గరా చతికిలబడతాడు. మొదట రెండుసార్లు చెయ్యి పట్టుకుని లాగాను. మూడోసారి నేనూ కూర్చున్నాను. ఎలాగూ అంకెలు నేర్పాలిగా, చీమకి కాళ్ళెన్నో చెప్పమన్నాను. అది ఒకచోట నిలబడితే కదా! చివరికి చచ్చిపడున్న గండుచీమ ఒకటి దొరికింది. ఆరు.

ఆ పక్కనే ఎండుటాకు మీద చిన్న గెంతుడు సాలీడు. పారిపోకుండా మావైపే తిరిగి చూస్తోంది. "దీనికి ఎనిమిది ఉంటాయి, లెక్కపెట్టు" అన్నాను. అన్నయ్య కొడుకు వంగి చూసి, "పది అత్తా" అన్నాడు. సరిగ్గా చూడమన్నాను. మళ్ళీ పదే. విసుగ్గా మొహం నేలకి ఆనించి నేనే చూశాను. మూతి దగ్గర రెండు పొట్టి చేతుల్లాంటివి, నూగుతో తెల్లగా, పైకీ కిందకీ ఆడుతున్నాయి. అవి కాళ్ళు కావు. తడిమి చూసుకోవడానికి, తిండిని పట్టుకోవడానికి సాలీడుకి అలాంటివి రెండు ఉంటాయి. పిల్లాడు లెక్క తప్పలేదు. దేన్ని కాలు అనాలో నేను చెప్పలేదు, అంతే. "నడిచేవి మాత్రమే లెక్కపెట్టు" అనగానే ఎనిమిది వచ్చింది. ఇంకాస్త ముందుకెళ్ళాక రోకలిబండ కనిపించింది. "దీని కాళ్ళు మాత్రం లెక్కపెట్టమనకే తల్లీ" అని చెల్లి దణ్ణం పెట్టింది.

వాగు చేరేసరికి తొమ్మిదయింది. ఎండ పడే చోట ఇసుకలో ఒక పుల్ల పాతి, నీడ చివర రాయి పెట్టించాను. గంట తర్వాత వచ్చి చూస్తే నీడ ఒకచోట, రాయి ఒకచోట. నీడ జరిగిందని ఎవరికీ తోచలేదు. "నా రాయి ఎవరో జరిపారు" అని చిన్నవాడు లబోదిబోమన్నాడు. కాదురా, సూర్యుడు... అని మొదలుపెట్టి ఆపేశాను. కొత్తగా ఇంకో రాయి పెట్టి, ఈసారి కాపలా కాయమన్నాను. వాడు నిజంగానే కాపలా కాశాడు, పది నిమిషాలు. రాయి కదల్లేదు, నీడే పక్కకి పాకింది. మధ్యాహ్నానికి నీడ పొట్టిదైపోతే, "పెద్దమ్మా, నీడ పుల్లలోకి దూరిపోయింది" అని కబురు తెచ్చాడు.

రంగుల పాఠం తేలికని ముందే చేశాను. ఒక్కొక్కరూ వెళ్ళి ఒక ఆకుపచ్చ ఆకు తేవాలి. మా అమ్మాయి రాగిరంగులో మెరుస్తున్న కానుగ చిగురు తెచ్చింది. ఇది ఎరుపు కదా అంటే, "ఆకుపచ్చ అంటే ఆకు రంగు అన్నావుగా. ఇది ఆకే" అంది. అన్నయ్య కొడుకు పండుటాకు తెచ్చాడు. "ఇదీ పచ్చే అత్తా, పసుపుపచ్చ."

మాట్లాడటానికి నాకేమీ మిగల్లేదు. నిజమే, మన భాషలో పచ్చ అనే ఒక్క మాటలోనే రెండు రంగులున్నాయి. ముందు పసుపు చేర్చామా, ఆకు చేర్చామా అన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. కార్డు మీద ఒక ఆకుపచ్చ చతురస్రం వేసి చూపిస్తే ఈ గొడవ రాదు. ఆకు చెట్టుమీద ఉన్నంతసేపూ వస్తూనే ఉంటుంది. కార్డుది తేలికైన సత్యం, చెట్టుదే నిజమైనది అని నాకు అనిపించింది కానీ, ఆ పూటకి పాఠం ఎలా ముగించాలో తెలియలేదు. ముగ్గురినీ అదే కానుగ కిందికి తీసుకెళ్ళి దొరికినన్ని రకాల ఆకులు ఏరించాను. చిగురునుంచి ఎండుటాకు దాకా బండమీద వరసగా పేర్చాం. పదకొండు ఆకులు, ఒక్కటే చెట్టు. లేతప్పుడు ఆకుకి ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం ఇంకా నిండదు, అందుకే ఎర్రదనం పైకి కనిపిస్తుంది. ముదిరాక ఆకుపచ్చ నిండుతుంది. పండేటప్పుడు పత్రహరితం విరిగిపోయి, లోపల దాగున్న పసుపు బయటపడుతుంది. ఇదంతా చెప్పలేదు. "పాపాయి ఆకు, అమ్మ ఆకు, తాత ఆకు" అని వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు.

ఆకారాల్లో గుండ్రంవి బోలెడు దొరికాయి. చతురస్రం మాత్రం ఎంత వెతికినా లేదు. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టిన ఫ్రోబెల్, పిల్లల చేతికి చెక్కతో చేసిన బంతి, సిలిండర్, ఘనం ఇచ్చేవాడు. మొక్కలు పెంచుకోవడానికి తలా ఒక మడీ ఇచ్చేవాడు. ఘనాన్ని చెక్కతో ఎందుకు చేయించాల్సి వచ్చిందో ఆ వాగు ఒడ్డున అర్థమైంది. ఓటమి ఒప్పుకోబోతుంటే బాటపక్కన తుమ్మి మొక్క కనిపించింది. కాడ తుంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పమన్నాను. గడ్డిపరక కాడలా దొర్లదు, అంచులు వేళ్ళకి తగిలి టకటకా ఆగుతుంది. నాలుగు పలకలు. తెగిన చోట చూస్తే చిన్న చతురస్రం. ఆ తర్వాత కనిపించిన ప్రతి మొక్క కాడా నలిపి చూశారు, అదొక తలనొప్పి.

ఇక నీళ్ళు. ఒడ్డున ఎండిన మొద్దు ఒకటి పడుంది. ముగ్గురూ కలిసి ఆపసోపాలు పడుతూ దొర్లించి నీళ్ళలోకి నెట్టారు. మొద్దు హాయిగా తేలింది. అన్నయ్య కొడుకు గోరంత గులకరాయి ఏరి వేశాడు. బుడుంగున మునిగింది. నావైపు తిరిగాడు.

"అత్తా, మొద్దు బరువా, రాయి బరువా?"

చెల్లి నవ్వాపుకోలేక అటు తిరిగింది. కారులో చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే సరిపోదు కదా. సంచీలోంచి మూత గట్టిగా బిగిసే చిన్న డబ్బా తీసి వాడికిచ్చాను. ఖాళీగా మూతపెట్టి వదిలితే బాతులా తేలింది. ఒక గుప్పెడు ఇసుక పోసి మళ్ళీ వదిలాడు. కాస్త దిగింది. ఇంకో గుప్పెడు. ఇంకా దిగింది. ఐదో గుప్పెటికి మూత ఒక్కటే పైకి కనిపించింది, ఆరోదానికి అడుక్కి పోయింది. "డబ్బా పెద్దదవలేదు, ఇసుకే ఎక్కువైంది" అన్నాడు వాడు, నన్నేదో ఓదారుస్తున్నట్టు. అంత చోటులో పట్టే నీళ్ళకంటే బరువెక్కితే మునుగుతుందని అప్పుడు చెప్పాను. సగం విన్నాడు. ఇసుక తీసి మళ్ళీ మొదటినుంచి పోయడం మొదలుపెట్టాడు.

మా అమ్మాయి మాత్రం డబ్బాను వదిలేసి నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, మరి నేను మునుగుతానా, తేలుతానా?"

మోకాలిలోతు నీళ్ళలో దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద రెండు చేతులూ ఉంచాను. గట్టిగా గాలి పీల్చి బిగపట్టమన్నాను. బుగ్గలు బూరెల్లా చేసుకుని బిగపట్టింది. నా అరచేతుల మీద బరువు మెల్లిగా తగ్గింది. చేతులు వేలెడంత కిందికి దించినా అది పైనే ఉంది. ఒడ్డునుంచి చిన్నవాడు "డబ్బా! డబ్బా!" అని అరిచాడు. దానికి నవ్వొచ్చింది. గాలంతా బయటికొచ్చేసి, వీపు మళ్ళీ నా చేతుల్లోకి దిగింది.

"ఇసుక పడింది నాలో" అంది, నీళ్ళు ఉమ్మేస్తూ. "మళ్ళీ పట్టుకో."