ఉప్మా లేని ఎమ్మెల్యే పెసరట్టు

మా టీమ్ చేసేది అరచేతిలో పట్టే చిన్న గేట్‌వే బాక్స్. కరెంటు మీటర్ల రీడింగులు పోగుచేసి సర్వర్‌కి పంపుతుంది. పోయిన నెల ఒక కస్టమర్‌కి పంపిన శాంపిల్ బాక్సులు ఆన్ చేస్తే లైటు వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం. అదే కోడ్ మిగతావాళ్ల దగ్గర నిక్షేపంగా నడుస్తోంది. సీరియల్ కేబుల్ పెట్టి చూస్తే విషయం బయటపడింది. బోర్డు మీద లేని ఫ్లాష్ చిప్ (డేటా దాచే మెమరీ) కోసం దాన్ని నడిపే కోడ్, అంటే డ్రైవర్, వెతుకుతోంది. అది దొరక్క అక్కడే ఆగిపోతే వాచ్‌డాగ్ (బాక్స్ బిగుసుకుపోతే మళ్లీ మొదలెట్టించే కాపలాదారు) రీసెట్ చేస్తోంది. ఖర్చు తగ్గించమంటే ఆ చిప్ పీకేసింది మేమే.

మరి డ్రైవర్ ఎక్కడినుంచి ఊడిపడింది?

ఏ బాక్సులో ఏ భాగాలుండాలో చెప్పడానికి మేం వాడేది కేకాన్ఫిగ్ అనే సెట్టింగుల పద్ధతి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నల్‌లోకి 2002లో వచ్చిందే. అందులో 'డిపెండ్స్ ఆన్', 'సెలెక్ట్' అని రెండు మాటలున్నాయి. చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ, కాదు. ఎమ్మెల్యే పెసరట్టునే తీసుకోండి. 'డిపెండ్స్ ఆన్' అయితే, ఉప్మా లేని రోజు మెనూలో ఆ అట్టే కనిపించదు. 'సెలెక్ట్' అయితే, అట్టు ఆర్డరివ్వగానే ఉప్మా గిన్నె పొయ్యెక్కుతుంది. డబ్బాలో రవ్వ ఉందో లేదో ఎవరూ చూడరు.

మావాడొకడు రిమోట్ అప్‌డేట్ కింద బ్యాకప్ డ్రైవర్‌ని సెలెక్ట్ చేశాడు. ఆ డ్రైవర్‌కి చిప్ కావాలన్న షరతు వేరే ఫైల్లో భద్రంగా ఉంది. కోడ్‌ని ప్రోగ్రాముగా మార్చే బిల్డ్‌లో వార్నింగ్ కూడా వచ్చింది పాపం. వందల లైన్ల మధ్య దాన్ని చదివే ఓపిక ఎవరికుంది? సెలెక్ట్‌ని జాగ్రత్తగా వాడమని కెర్నల్ డాక్యుమెంటేషన్ మొత్తుకుంటూనే ఉంది. నేనూ చదివాను, దెబ్బ తిన్న తర్వాత.

మా మెనూలో అవును-కాదు ఆప్షన్లు 33. వాటి మధ్య షరతులేవీ లేకపోతే దాదాపు 859 కోట్ల రకాల బాక్సులు చేయొచ్చు. భూమ్మీద మనిషికొకటి పంచినా మిగులుతాయి. అన్నీ టెస్ట్ చేయడం కల్ల. అందుకే ఒక శనివారం గోడమీది వైట్‌బోర్డు మీద ఫీచర్ల చెట్టు గీశాం. ఉత్పత్తుల్లో ఏ ఫీచర్లు తప్పనిసరో, ఏవి ఐచ్ఛికమో బొమ్మగా గీసే, 1990లో వచ్చిన ఫోడా పద్ధతిదే. తప్పనిసరిదానికి ఏ చుక్కా ఉండదు, ఐచ్ఛికానికి ఖాళీ చుక్క, ఏదో ఒకటే ఎంచుకోవాలంటే కొమ్మల మధ్య చిన్న వంపు. గీస్తుంటే ఇంకో రెండు గోతులు బయటపడ్డాయి. ఆ రెండూ నేను తవ్వినవే.

ఫిలిప్స్ టీవీల సాఫ్ట్‌వేర్‌ని కాంపోనెంట్లు అనే ముక్కలుగా కూర్చడానికి చేసిన కోఆలా మోడల్‌లో నాకు నచ్చేది ఒకటుంది. ఏ టీవీలో ఉన్నానో కాంపోనెంట్ తనంతట తాను ఊహించుకోదు. 'నా సంగతేంటి?' అని ఒక ఇంటర్‌ఫేస్ ద్వారా బయటికి అడుగుతుంది. మా కోడ్‌లోనేమో ప్రతి ఫైలూ ఇఫ్‌డెఫ్‌లతో ('ఇది ఉంటేనే ఈ కోడ్ చేర్చు' అనే షరతులతో) సొంత పెత్తనం చేస్తుంది.

ఇప్పుడు ఆ సెలెక్ట్ తీసేసి డిపెండ్స్ ఆన్ పెట్టాం. కేకాన్ఫిగ్ వార్నింగ్ ఒక్కటొచ్చినా బిల్డ్ ఆగిపోతుంది. మొదటి వారం అందరూ నన్ను తిట్టుకున్నారు.

నిన్న మేనేజర్ గారు వచ్చి రెండో సిమ్ ఆప్షన్ కావాలన్నారు. "ఏ బోర్డు మీద సార్?" అన్నాను.

"అన్నిటి మీదా" అన్నారు. కొన్నిటికి ఒక్క సిమ్ స్లాట్ కూడా లేదు.