పిల్లర్ నెంబర్ ఎంత?

ఆదివారం. పొద్దున ఏడింటికే జల్లు మొదలైంది. మెహిదీపట్నం నుంచి అత్తాపూర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే పొడవాటి వంతెన కిందే నడిస్తే తల తడవదు. కాకపోతే నీళ్ల గొట్టం దిగిన ప్రతి పిల్లరు దగ్గరా కాళ్లు తడుస్తాయి. రేతిబౌలి దాటాక ఓ ఆటో అబ్బాయి ఫోన్లో విసుక్కుంటున్నాడు: "అన్నా, పిల్లర్ నెంబర్ ఎంతో చెప్పు. గల్లీ పేరు చెప్తే నాకెట్ల తెలుస్తది?" ఈ దారిలో పెళ్లిపత్రికల మీదా దుకాణాల బోర్డుల మీదా అదే చిరునామా. మెహిదీపట్నం దగ్గర ఒకటితో మొదలై ఆరాంఘర్ చేరేసరికి అంకె మూడువందలకు దగ్గరపడుతుంది. వంతెన పొడవు 11.6 కిలోమీటర్లు. భాగిస్తే పిల్లరుకూ పిల్లరుకూ మధ్య సగటున 38 మీటర్లు అటూ ఇటూ.

దీన్ని తలపెట్టింది విమానాశ్రయం కోసం. శంషాబాద్‌లో విమానాలు దిగడం 2008 మార్చి 23న మొదలైతే, ఈ వంతెనను అప్పటి ముఖ్యమంత్రి రోశయ్య ప్రారంభించింది 2009 అక్టోబరు 19న. మధ్యలో పంతొమ్మిది నెలలు. నగరాభివృద్ధి సంస్థ హుడా మొదలుపెట్టిన పని పూర్తయ్యేసరికి ఆ సంస్థే హెచ్‌ఎండీఏగా మారింది. ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి-శంషాబాద్ ముక్క ఇంతకంటే ముందే, 2008 నవంబరులో తెరుచుకుంది. అక్కడ చాలావరకు బయలు, ఇక్కడ బస్సులు తిరిగే రోడ్డు. నడుస్తున్న రోడ్డు నడుమ కట్టడమంటే సగం పని వంతెనది, సగం పని రోడ్డును బతికించుకోవడానిది.

జనం చూసేది పైకి లేచిన కాంక్రీటునే. అసలు ఆలస్యం అంతకుముందే జరిగిపోతుంది. పిల్లరు వచ్చే ప్రతి చోటా ముందు మనుషులతో గుంత తవ్వించి చూడాలి, యంత్రం పెట్టకూడదు. ఏ మ్యాపులోనూ లేని మంచినీళ్ల పైపు, పాత డ్రైనేజీ, టెలిఫోన్ కేబుళ్ల కట్ట, ఏదో ఒకటి తగులుతుంది. దాన్ని పక్కకు జరపాలి. కుదరకపోతే పిల్లరే ఒకటి రెండు మీటర్లు జరగాలి. అప్పుడు అటూ ఇటూ ఉన్న రెండు స్పాన్ల (పిల్లరుకూ పిల్లరుకూ మధ్య వంతెన భాగాల) కొలతలూ మారిపోతాయి. ఆ మార్పు డ్రాయింగుకు ఎక్కి, తిరిగి సైటుకు చేరేదాకా బారికేడ్లు ఖాళీగా నిలబడి ఉంటాయి. దారినపోయేవాళ్లు "పని ఆగిపోయింది" అనుకుంటారు. నిజానికి పని కాగితం మీద నడుస్తుంటుంది.

హైదరాబాదు నేల కింద గ్రానైటు ఉంది కదా, పునాదికి ఢోకా లేదనుకోవడం సగమే నిజం. ఇక్కడి మట్టిలో గుండ్లు దాక్కుని ఉంటాయి. డ్రిల్లు ఓ గుండుకు తగిలి ఆగితే రాయి దొరికిందనుకుంటారు, దాని కింద మళ్లీ మెత్తటి మొరం. అందుకే రాయి తగిలాక కూడా మరో మూడు నాలుగు మీటర్లు లోపలికి వేసి, కోర్ ముక్కలు, అంటే డ్రిల్లు కోసిన రాతి కడ్డీలు, బయటికి తీసి చూడాలి. ముక్క నిడివిగా, విరగకుండా వస్తే సంతోషం. గులకరాళ్లలా చిన్నచిన్న ముక్కలుగా వస్తే ఇంకా కిందికి పోవాల్సిందే.

పైన కనిపించే పెట్టెలాంటి గడ్డరును, అంటే రోడ్డును మోసే దూలాన్ని, ఇలాంటి వంతెనల్లో ముక్కలుగా పోస్తారు. ఒక్కో ముక్క, అంటే సెగ్మెంటు, దాదాపు మూడు మీటర్ల పొడవు, బరువు నలభై యాభై టన్నులు. కాస్టింగ్ యార్డులో ముందు పోసిన ముక్కనే తర్వాతి ముక్కకు అచ్చుపలకగా వాడతారు, మధ్యలో అతుక్కోకుండా పూత పూస్తారు. అందుకని ప్రతి ముక్కకూ దాని జత ఒక్కటే. నెంబరు తప్పి వేరే ముక్క తెస్తే కూర్చోదు. రాత్రిపూట ట్రైలరు మీద తెచ్చి, లాంచింగ్ గడ్డరుకు (పిల్లర్ల మీద నిలిపే ఉక్కు దూలానికి) ఒక స్పాను ముక్కలన్నీ వేలాడదీసి, ముఖాలకు ఎపాక్సీ జిగురు పూసి, తాత్కాలిక కడ్డీలతో బిగిస్తారు. కలిపిన జిగురు అరగంటలో చిక్కబడుతుంది, మే నెల ఎండలో ఇంకా తొందరగా. ఈ పని రాత్రికి పెట్టడానికి ట్రాఫిక్ ఒక్కటే కారణం కాదు.

ఆ తర్వాత ముక్కల్ని కలిపి నొక్కి ఉంచే ఉక్కు కేబుళ్లు లాగడం. 38 మీటర్ల కేబులును పూర్తి బలంతో లాగితే పాతిక సెంటీమీటర్ల దాకా సాగుతుంది. జాకీ పక్కన ఒకడు స్కేలు పట్టుకుని ఉండాలి, ఇంకొకడు గేజి చదవాలి. లెక్కకూ సాగినదానికీ తేడా ఐదు శాతం దాటకూడదు. గేజి ఒత్తిడి చూపిస్తూ కేబులు తక్కువ సాగితే డక్టులో (కేబులు పోయే గొట్టంలో) ఎక్కడో కాంక్రీటు పాలు దిగి గడ్డకట్టినట్టు. ఎక్కువ సాగితే కేబులు కొసను పట్టి ఉంచే వెడ్జి జారుతోందేమో చూడాలి. చివరికి డక్టులో సిమెంటూ నీళ్లూ కలిపిన గ్రౌటు నింపుతారు. కేబులు ఒంపు తిరిగి పైకెక్కే చోట గాలి చిక్కుకుంటుంది. అక్కడి వెంటు గొట్టం నుంచి చిక్కటి గ్రౌటు కారేదాకా మూయకూడదు. తొందరపడి మూసేస్తే లోపల ఖాళీ మిగులుతుంది. అక్కడికి నీరు చేరితే తుప్పు బయటికి కనిపించదు. నన్నడిగితే వంతెన ఆయుష్షు తేలేది ఈ గ్రౌటు దగ్గరే. పర్యవేక్షణకు మనిషి దొరకనిదీ దీనికే.

కారులో పైన పోతుంటే వినిపించే "టప్... టప్" స్పాన్ల మధ్య సందు వదిలిన జాయింట్లది. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. పిల్లరు పిల్లరుకూ జాయింటు ఉన్నచోట రెండు సెకన్లకో దెబ్బ. ఆ సందు ఊరికే పెట్టింది కాదు. 30 డిగ్రీల తేడాకు 38 మీటర్ల స్పాను 14 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇసుకా గుట్కా కవర్లూ చేరి సందు బిగుసుకుంటే అంచు కాంక్రీటు పగులుతుంది.

అంతకంటే పెద్ద తప్పు పాత తారు గీకకుండా మీద కొత్త పొర వేయడం. 40 మిల్లీమీటర్ల పొర చదరపు మీటరుకు దాదాపు 96 కిలోలు. పదిహేను మీటర్ల వెడల్పున ఒక్క స్పాను మీద 55 టన్నులు అదనం. అంటే రాత్రింబవళ్లు దిగని ఒక సెగ్మెంటును నెత్తిన పెట్టినట్టే. పైగా జాయింటు పూడిపోతుంది, పక్కగోడ ఎత్తు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

సాయంత్రం మెహిదీపట్నం కొసన చూస్తే కార్లు దిగే చోటి నుంచి పైదాకా ఆగి ఉన్నాయి. ఆదివారం కూడా! ఆగకుండా పారే లేను గంటకు 1,800 కార్లు పంపగలదు. కింద సిగ్నల్ రెండు నిమిషాలకు ముప్పై సెకన్లే పచ్చగా వెలిగితే ఆ లేను దాటేది 450. మిగిలినవి పైనే నిలబడాలి. ఒక్కో వైపు రెండే లేన్లు, పక్కన ఆగడానికి చోటు లేదు, మధ్యలో దిగే ర్యాంపులు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. ఒక కారు టైరు పంక్చరైతే సగం రోడ్డు పోయినట్టే. వంపు దాటి వేగంగా వచ్చేవాడికి ఆగిన వరస చివరి క్షణందాకా కనపడదు. ఒకదాని వెనక ఒకటి గుద్దుకోవడానికి ఇంతకు మించి ఏం కావాలి? ఇక బైకులకు పైకి అనుమతి లేదు కాబట్టి కింది రోడ్డు ఎప్పటిలాగే కిటకిట.

వెనక్కి వస్తుంటే వాన వెలిసింది. ఓ పిల్లరు పక్కన పానీపూరీ బండివాడు పొడవాటి కట్టెతో నీళ్ల గొట్టం మూతిలోకి పొడుస్తున్నాడు. నలిగిన ప్లాస్టిక్ సీసా ఒకటి, దాని వెంట బురద, ఆ వెనక పైన నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా దిగాయి. నెంబరు చూద్దామంటే కోచింగ్ సెంటర్ పోస్టరు అంటించి ఉంది. పక్క పిల్లరు మీద అంకె చూసి ఒకటి కలుపుకోవాల్సి వచ్చింది.