డ్రెస్డెన్‌లో కొల్లూరు వజ్రం

జర్మనీ చూడాలనుకునేవాళ్ళు ముందు బెర్లిన్, మ్యూనిక్ అంటారు. తూర్పున, చెక్ సరిహద్దుకు దగ్గరగా ఎల్బే ఒడ్డున ఉన్న డ్రెస్డెన్‌కి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు తక్కువ. నేను మాస్టర్స్ చేస్తున్నది ఇక్కడే. అందుకే మ్యూనిక్‌లో చదువుతున్న నా ఇంజనీరింగ్ స్నేహితులు సురేష్, అనిల్ వీకెండ్‌కి వస్తామనగానే నాకు పండగలా అనిపించింది. వాళ్ళ దగ్గరున్న డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్‌తో ఫాస్ట్ రైళ్ళు ఎక్కకూడదు. హోఫ్ మీదుగా లోకల్ రైళ్ళు మారుతూ శుక్రవారం రాత్రికి చేరారు. హాస్టల్ వంటగదిలో చారు, గోంగూర పచ్చడి, అప్పడాలతో అన్నం పెట్టాను. ఆకలి మీద ఉన్నారేమో, తినేదాకా ఎవరూ మాట్లాడలేదు.

శనివారం పొద్దున్నే ఫ్రావెన్‌కిర్షె చర్చి దగ్గరికి తీసుకెళ్ళాను. దూరం నుంచి చూస్తే లేత పసుపు గోడల మీద అక్కడక్కడా నల్లటి రాళ్ళు కనిపిస్తాయి. "పెయింట్ పోయిందా?" అన్నాడు అనిల్. ఆ నల్లవి పాత చర్చి రాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలైన బ్రిటిష్, అమెరికన్ బాంబు దాడుల్లో ఈ ఊళ్ళో దాదాపు 25,000 మంది చనిపోయారు. చర్చి మాత్రం మంటల్లో రెండు రోజులు నిలబడి, 15వ తేదీ ఉదయం కూలిపోయింది. తర్వాత దశాబ్దాల పాటు ఆ రాళ్ళ కుప్పను యుద్ధానికి గుర్తుగా అలాగే ఉంచేశారు. 1994లో మళ్ళీ కట్టడం మొదలుపెట్టి, శిథిలాల్లోంచి ఏరిన రాళ్ళను పనికొచ్చినంత మేరకు కొత్త గోడల్లో పేర్చారు. 2005 అక్టోబర్ 30న తలుపులు తెరిచారు. శిఖరం మీది బంగారు శిలువను చేసింది లండన్ స్వర్ణకారుడు. అతని తండ్రి ఈ ఊరి మీద బాంబులు వేసిన విమాన సిబ్బందిలో ఒకడు. ఇది చెప్పగానే ఇద్దరూ తలెత్తి చాలాసేపు పైకే చూస్తూ ఉండిపోయారు.

ఆ పక్క వీధిలోనే ఫ్యూర్స్టెన్‌ట్సుగ్ ఉంది. 102 మీటర్ల పొడవున ఈ ప్రాంతాన్ని, అంటే సాక్సనీని, ఏలిన పాలకులు గుర్రాల మీద వరసగా వెళ్తున్న బొమ్మ. దాదాపు 23,000 మైసెన్ పింగాణీ పలకలతో చేశారు. బట్టీలో అంత వేడికి కాల్చిన పలకలు కాబట్టి 1945 మంటలకు కూడా చాలావరకు చెక్కుచెదరలేదు. ఫొటోలన్నీ అక్కడే అయిపోయేలా ఉంటే, అసలు చూడాల్సింది ముందుందని బయల్దేరదీశాను.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే రాజుల కోట. దాని పై అంతస్తులో ఉన్న 'కొత్త గ్రీన్ వాల్ట్' ఖజానాలో రెండు వస్తువుల కోసమే నేను అందరినీ ఈ ఊరికి రమ్మంటాను.

మొదటిది ఔరంగజేబు దర్బారు. డింగ్లింగర్ అనే స్వర్ణకారుడు 1701 నుంచి 1708 దాకా తన సోదరులతో కలిసి చేశాడు. చక్రవర్తి పుట్టినరోజుకు కానుకలు తెస్తున్న సామంతులు, ఏనుగులు, గుర్రాలు, ఒంటెలు అన్నీ కలిపి 130కి పైగా బుల్లి బొమ్మలు. బంగారం, ఎనామెల్, దాదాపు 5,000 వజ్రాలు. డింగ్లింగర్ ఎప్పుడూ ఇండియాకి రాలేదు. యాత్రికులు రాసిన పుస్తకాలు చదివి ఊహించుకున్నాడు, అందుకే ఏనుగుల దగ్గర చైనా వేషాలు కూడా కనిపిస్తాయి. ఇది పూర్తయ్యేసరికి అసలు ఔరంగజేబు చనిపోయాడు. అతను గోల్కొండను పట్టుకున్నది 1687లో. ఆ గోల్కొండ కథే రెండో వస్తువు దగ్గరికి తీసుకెళ్తుంది.

అది డ్రెస్డెన్ గ్రీన్. 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం. తెల్ల వజ్రాల మధ్య పొదిగి, టోపీకి పెట్టుకునే ఆభరణంగా చేశారు. రంగు లేత అరిటాకులా ఉంటుంది. రంగు అద్దింది కాదు, భూమిలో ఉన్నప్పుడు సహజమైన రేడియేషన్ తగిలి అలా మారింది. సాక్సనీ పాలకుడు మూడో అగస్టస్ దీన్ని 1742లో కొన్నాడు. మన గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనిలో దొరికి ఉంటుందని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. 17వ శతాబ్దంలో ఆ గనికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్, అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. 2019 నవంబర్‌లో ఇదే కోట కింది అంతస్తులో పెద్ద దొంగతనం జరిగినప్పుడు ఈ వజ్రం న్యూయార్క్‌లో ప్రదర్శనకు వెళ్ళి ఉంది.

"ఒరేయ్, కొల్లూరంటే మన పులిచింతల దగ్గరి కొల్లూరేనా?" అన్నాడు సురేష్. వాడిది సత్తెనపల్లి వైపు. అదేరా అన్నాను. కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. వాళ్ళ అమ్మమ్మ తరఫు చుట్టాలు కొందరు ముంపు ఊళ్ళ నుంచి పునరావాస కాలనీకి మారినవాళ్ళే. వాడు ఇక మమ్మల్ని పట్టించుకోలేదు. వజ్రం ఉన్న అద్దాల పెట్టె చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. కోట లోపలి ముంగిట్లోకి రాగానే ఇంటికి వీడియో కాల్ చేశాడు. "చిన్నప్పుడు వానలు పడ్డాక మేమూ చేలల్లో మెరిసే రాళ్ళ కోసం వెతికేవాళ్ళం నాయనా, ఎవరికైనా దొరికిందంటే ఊరంతా చెప్పుకునేవాళ్ళు" అంది అమ్మమ్మ. పుస్తకాల్లో నేను చదివిన కొల్లూరు కంటే ఆ ఫోన్‌లో విన్న కొల్లూరే నాకు దగ్గరగా అనిపించింది. వాళ్ళు వదిలేసిన చింతచెట్ల గురించి, మునిగిపోయిన గుడి గురించి ఆవిడ ఇంకా చాలా చెప్పింది. మన నేలలోంచి వచ్చిన వస్తువు ఇక్కడ అద్దాల వెనక వెలిగిపోతుంటే, అది తవ్వినవాళ్ళ పేర్లు ఒక్కటీ మిగల్లేదన్న బాధ నాకు ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ కలుగుతుంది. ఆ రోజు మరీ ఎక్కువైంది.

సాయంత్రం అగస్టస్ వంతెన మీద నడుచుకుంటూ నది అవతలి నోయ్‌స్టాట్ పేటకి వెళ్ళాం. ఎగువన కరోలా వంతెన ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది. 2024 సెప్టెంబర్ 11 తెల్లవారుజామున దానిలో ట్రామ్ పట్టాలున్న భాగం ఎల్బేలో కూలింది. చివరి ట్రామ్ దాటిన కాసేపటికే కూలడంతో ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత మిగతాది కూడా కూల్చేశారు.

ఆదివారం షాపులన్నీ మూసేస్తారు కాబట్టి ఆ రోజు ఊరి బయటికి పోవడమే మంచిది. ఎస్1 రైలెక్కి రాటెన్‌లో దిగాం. అక్కడ ఇంజిన్ లేని పడవ, తాడు ఆధారంగా నది ప్రవాహంతోనే అటూ ఇటూ తిరుగుతుంది. అవతలి ఒడ్డు నుంచి మెట్లెక్కితే బాస్టై. రాతి స్తంభాల మధ్య 1851లో కట్టిన వంతెన, కింద దాదాపు 200 మీటర్ల లోతున ఎల్బే. అనిల్‌కి నచ్చింది ఇదే. సురేష్ మాత్రం రైల్లో కూడా వజ్రం గురించే అడుగుతూ వచ్చాడు.

డిసెంబర్‌లో మరో ఇద్దరు వస్తామన్నారు, ష్ట్రీట్సెల్‌మార్క్ట్ చూడ్డానికి. 1434 నుంచి ఉన్న క్రిస్మస్ సంత అది. మంగళవారం కాకుండా ప్లాన్ చేసుకోమని వాళ్ళకి ఇప్పుడే చెప్పాను. ఆ రోజు కోట మ్యూజియానికి సెలవు.